ఆ ప్లానులో మా అమ్మకు కూడా కాస్త చోటు గీయండి

రాయలసీమలో రోడ్లకు ప్లాన్లు గీసే ఇంజనీర్లకు, ఆ ప్లాన్ల మీద సంతకాలు పెట్టే అధికారులకు,

నమస్కారం.

మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. 2025 ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే పత్తికొండ దగ్గర మా ఊరి నుంచి బయలుదేరి, మర్నాడు పదిన్నరకు గుత్తిలో మా చిన్నమ్మ ఇంటి గడప తొక్కింది. దాదాపు నలభై కిలోమీటర్లు, మొత్తం నడకే. మొక్కు కాదు, పంతం కాదు, నడవాలని అనుకోనూ లేదు. బస్సు ఎక్కుదామని ఇంట్లోంచి కదిలిన మనిషి.

ఇది ఎట్లా జరిగిందో మీకు వివరంగా చెప్పాలి. మా ఊళ్లో ఎవరికి చెప్పినా మొదట మమ్మల్నే తిట్టారు. ముసలామెను ఒంటరిగా ఎట్లా పంపినారు, ఆమెకు మతి సరిగా ఉందా లేదా అని. అమ్మకు మతి చక్కగా ఉంది. ఆమె ఆ రోజు చేసిన ప్రతి పనికీ ఒక లెక్క ఉంది. ఆ లెక్క వింటే, తప్పు ఆమె కాళ్లలోనో తలలోనో కాదు, ఆమె కాళ్ల కింది రోడ్డులో ఉందని నాకు అనిపించింది. అందుకే మీకు రాస్తున్నాను.

ముందురోజు రాత్రి గుత్తి నుంచి ఫోన్ వచ్చింది. చిన్నమ్మ బాత్రూంలో జారిపడి నడుము పట్టేసిందని. అమ్మ పొద్దున్నే లేచి ఒక సంచిలో ఆముదం సీసా, అరకేజీ వేయించిన వేరుశనగ బుడ్డలు, ఒక నీళ్ల బాటిల్ పెట్టుకుంది. కొంగు ముడిలో నూట ఇరవై రూపాయలు. ఫోన్ చార్జింగ్‌కు పెట్టి, అక్కడే మరచిపోయింది. ఊరి క్రాస్ దగ్గరికి వచ్చేసరికి గుత్తి బస్సు వెళ్లిపోయింది. తర్వాతది పదకొండుకు అన్నారు. అప్పటికి ఏడు కూడా కాలేదు. క్రాస్ దగ్గర కూర్చోవడానికి ఒక బండ కూడా లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకే తెలిసిన సంగతి ఒకటుంది: నిలబడితే ఎక్కువ నొస్తాయి, మెల్లగా నడిస్తే అంత నొయ్యవు. "ఊరికే నిలబడేదానికి బదులు ముందరి ఊరి దాకా పోతే ఆటో ఏదన్నా దొరుకుతుంది కదా" అనుకుంది. అంతే, అక్కడ మొదలైంది.

ముందరి ఊళ్లో ఆటో ఉంది, కానీ నిండాలి. నిండడానికి ఇంకా ఐదుగురు కావాలి. ఇంకో ఊరు రెండు మూడు కిలోమీటర్లే కదా అనుకుంది. అట్లా ఒక ఊరి తర్వాత ఇంకో ఊరు. ఆమె నలభై కిలోమీటర్లు నడవడానికి ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. మూడు కిలోమీటర్లకు పన్నెండు పదమూడు సార్లు ఒప్పుకుంది.

పదకొండు బస్సు వచ్చినప్పుడు రెండూళ్ల నడుమ ఉంది. చెయ్యెత్తింది. బస్సు ఆగలేదు. ఆ డ్రైవర్‌ను నేను తప్పు పట్టను. వంపులో, కంపచెట్లు రోడ్డు మీదికి వంగిన చోట, అంచున చీర కొంగు నెత్తిన కప్పుకొని నిలబడిన మనిషి అతనికి కనిపించిందో లేదో. కనిపించినా బండి పక్కకు తీసి ఆపడానికి అక్కడ చోటు లేదు. తర్వాత ఇంకో బస్సు వచ్చినప్పుడు నీడ కోసం చేనులోకి దిగి వేపచెట్టు కింద కూర్చుని ఉంది. లేచి రోడ్డెక్కేలోపల అది వెళ్లిపోయింది.

ఈ నీడ సంగతి మీరు కాస్త ఆగి వినాలి. ఆ దారిలో చెట్లు లేవని కాదు. ఉన్నాయి, గట్ల మీద, చేలల్లో, బావుల దగ్గర. రోడ్డు ఒకచోట, నీడ ఒకచోట. నీడకు పోతే బస్సు పోతుంది, బస్సు కోసం నిలబడితే ఎండ కొడుతుంది. మా అమ్మ ఆ రోజంతా ఈ రెండింటి మధ్యే నలిగింది.

దారిలో ఆమెను పలకరించిన వాళ్లున్నారు. గొర్రెలు కాసే ఒకాయన తన బాటిల్లో నీళ్లు పోశాడు. చేలో కలుపు తీసే ఒకామె కేకేసి అడిగిందంట.

"అవ్వా, యాడికి పోతాండావు ఈ ఎండలో?"

"గుత్తికి."

"గుత్తికా! నడ్సుకుంటానా?"

"బస్సొస్తే ఎక్కుతా లేమ్మా."

మధ్యాహ్నం రెండు దాటినాక ఎడమకాలి చెప్పు తెగింది. ముందరి పట్టీ ఊడొచ్చింది. పిన్నీసు పెట్టి చూసింది, అది వంగిపోయింది. రోడ్డు పక్కన ఎర్రగడ్డల సంచి చింపు ఒకటి దొరికితే దాని పీచు లాగి, చెప్పుకూ పాదానికీ కలిపి కట్టుకుంది. ఆ చెప్పు ఇప్పుడు నా దగ్గరుంది. ఎర్రటి ప్లాస్టిక్ పీచు, మూడు ముళ్లు. మడమ వైపు రబ్బరు ఒక పక్కకే అరిగి కాగితమంత పల్చనైంది. ఎందుకు ఒక పక్కకే అని చూస్తే, రోడ్డు అంచు పక్కకు వాలి ఉంటుంది కదా, దాని మీద రోజంతా నడిచింది. మీ భాషలో దాన్ని బెర్ము అంటారు. తారు అంచుకూ మట్టికీ జానెడు ఎత్తు తేడా ఉన్నచోట కాలు మడత పడితే మనిషి పడేది రోడ్డు మీదికే. లారీ పక్కన పోయిన ప్రతిసారీ ఆ గాలికి ఒళ్లు ఊగిపోయేదంట. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడివైపున, ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా నడవాలన్న సంగతి ఆమెకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. వెనక నుంచి వచ్చే వాటికి వీపు పెట్టి నడిచింది.

అమ్మ చదివింది మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కోవాలి, అంకెలు మాత్రం బాగా వస్తాయి. కిలోమీటరు రాళ్ల మీద అంకె తగ్గుతూ ఉంటే ధైర్యంగా ఉండేదని చెప్పింది. కొన్నిటి మీద రంగు పోయి ఏమీ కనబడలేదు. అట్లాంటి రాయి వచ్చినప్పుడు, "ఎంత నడిచినా అక్కడే ఉన్నట్టుంది నాయనా" అంది. బండిలో పోయే మనకు అవి పక్కన కదిలిపోయే రాళ్లు. ఆమె వాటి మీద కూర్చుంది కూడా. ఆ నలభై కిలోమీటర్లలో రోడ్డును ఆనుకుని కూర్చోవడానికి ఆమెకు దొరికిన ఆసనాలు అవే.

పొద్దు గూకేసరికి ఎర్రగుడికి చేరింది. ఇక కాళ్లు లేవలేదు. ఒక ఇంటి అరుగు మీద అడక్కుండానే కూలబడింది. ఆ ఇంటామె మజ్జిగ ఇచ్చి, సంగటి పెట్టి, "ఈ రాత్రికి ఈడనే పండుకో పెద్దమ్మా" అంది. ఫోన్ చేద్దామంటే అమ్మకు ఒక్క నంబరూ నోటికి రాదు. అన్నీ చార్జింగ్‌లో ఉన్న ఆ ఫోన్‌లోనే ఉన్నాయి.

మాకు సంగతి తెలిసింది రాత్రి ఎనిమిదింటికి. నేను కర్నూలులో ఉంటాను. చిన్నమ్మ ఎట్లుందో కనుక్కుందామని ఫోన్ చేస్తే, "మీ అమ్మ ఇంకా రాలేదు కదరా" అంది. ఆ క్షణం నా చేతుల్లో వణుకు ఇప్పటికీ గుర్తుంది. తమ్ముడు బండి తీసుకుని పత్తికొండ బస్టాండులో వెతికి, ఆ రోడ్డంతా రాత్రి ఒంటిగంట దాకా అటూ ఇటూ తిరిగాడు. లైటు వేసుకుని కాలువల్లోకి, కంపల్లోకి చూశాడు. ఎందుకు అట్లా చూశాడో నేను రాయలేను. ఆ రాత్రి వాడు ఎర్రగుడి మీదుగా రెండుసార్లు పోయాడు. అమ్మ ఆ ఊళ్లోనే, ఎవరింట్లోనో, దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది.

తెల్లారి అమ్మ మళ్లీ నడిచింది. మిగిలింది పదమూడు కిలోమీటర్లేనని వాళ్లు చెప్పారు. ఆటో ఎక్కిస్తామన్నారు కూడా. "ఇంత దూరం వచ్చినదాన్ని ఇంకెంత లే" అందంట. ఆ ఒక్కచోట మాత్రం ఆమెది కాస్త పంతమే అని నేను ఒప్పుకుంటాను. చిన్నమ్మ ముందు ఆముదం సీసా పెట్టి, సగమే మిగిలిన బుడ్డల పొట్లం పెట్టి, అక్కడే గోడకు ఆనుకుని కళ్లు మూసింది. రక్తంలో ఉప్పు బాగా తగ్గిందని డాక్టరు రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. వయసు మీద పడినవాళ్లకు ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం సరిగా తెలియదని, బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లోని నీళ్లనూ ఉప్పునూ బయటికి పంపేస్తాయని ఆయన చెప్పారు. అమ్మ ఆ రెండు లెక్కల్లోనూ ఉంది. దప్పికైతేనే తాగుతాను అనుకుంది, దప్పిక కాలేదు. లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే ఎక్కడైనా చేసుకోగలిగిన మందు అది. కానీ ముందు నీళ్లుండాలి కదా.

నెల తర్వాత ఆ ఇంటివాళ్లకు దండం పెట్టుకుని రావడానికి నేనూ తమ్ముడూ ఎర్రగుడికి వెళ్లాం. మర్యాదలు అయ్యాక ఆ ఇంటాయన, "వచ్చినారు కదా, అశోకుడి బండలు చూసిపోండి" అని తీసుకుపోయాడు. పుట్టి పెరిగిన ఊరికి ఇంత దగ్గర. నేను ఎప్పుడూ చూడలేదు. బండల మీద బ్రాహ్మీ అక్షరాలు. అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడ ఉన్నాయి. వాటిలో రెండోదానిలో ఉన్న మాట తెలుసుకుని నేను అక్కడే నిలబడిపోయాను. దారుల వెంట మనుషుల కోసం, పశువుల కోసం చెట్లు నాటించానని, బావులు తవ్వించానని ఆ రాజు చెప్పుకున్నాడు. ఇరవై రెండు వందల ఏళ్లకు పైబడిన మాట. మా అమ్మ నడిచిన గుత్తి - పత్తికొండ దారి పక్కనే, ఆమె తల దాచుకున్న ఊరి పొలిమేరలోనే అది చెక్కి ఉంది.

ఇంకో సంగతి. పత్తికొండలో 1827 జులై 6న మద్రాసు గవర్నర్ థామస్ మన్రో కలరాతో చనిపోయాడు. అంతకుముందు 1800 నుంచి 1807 దాకా, అప్పట్లో దత్తమండలాలు అని పిలిచిన ఈ సీమకు కలెక్టరు. సీమలో కొందరు పిల్లలకు ఆయన పేరు కలిసేట్టు మన్రోలప్ప అని పెట్టుకున్నారంటే ఆయన మీద ఉన్న గురి అట్లాంటిది. ఆయన జ్ఞాపకంగా పత్తికొండలో చెట్ల తోపు వేసి బావి తవ్వించారు, గుత్తిలో సత్రం కట్టించారు. తెల్లవాళ్ల పాలనను నేను పొగడడం లేదు. ఒక పెద్దమనిషి పోతే జ్ఞాపకంగా ఏం కట్టాలని ఆ రోజుల్లో ఆలోచిస్తే, నడిచి వచ్చేవాడికి నీడ, నీళ్లు, పడుకోవడానికి చోటు గుర్తుకొచ్చాయి. మా అమ్మ బయలుదేరింది ఆ పత్తికొండ దగ్గరి నుంచే, చేరింది ఆ గుత్తికే.

నడిచేవాళ్లను చూసుకోవడం మనకు చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆమె నడవడానికి కొన్ని వారాల ముందే ఉగాది పోయింది. ఏటా ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది శ్రీశైలం మల్లన్న దగ్గరికి నడిచి వస్తారు. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర నల్లమలలోకి దిగి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం ఎక్కుతారు. వాళ్ల కోసం దారి పొడవునా మన జిల్లావాళ్లు షామియానాలు వేస్తారు, మజ్జిగ పోస్తారు, అన్నం పెడతారు. ముక్కూమొహం తెలియని వాళ్ల కాళ్లకు నూనె రాసి పిసుకుతారు. నేను కూడా ఒక ఏడాది నీళ్ల డ్రమ్ములు మోశాను. మల్లన్న దగ్గరికి నడిచేవాళ్ల కాళ్లు పట్టుకునే మనకు, చెల్లెలి దగ్గరికి నడిచే మనిషి ఎందుకు కనబడదు? ఆమె గుంపులో లేదు, జెండా లేదు, తేదీ లేదు. ఒకతే వచ్చింది, ఏ పండుగా కాని రోజున వచ్చింది. అట్లాంటి మనిషి కోసం షామియానా వేయడం ఎవరివల్లా కాదు. అందుకే ఆ పని రోడ్డే చేయాలి.

ఈ రోడ్ల మీద ఎవరు నడుస్తారు అని మీరు అనుకోవచ్చు. బడి పిల్లలు నడుస్తారు. కూలికి పోయేవాళ్లు నడుస్తారు. గొర్రెల కాపరులు నడుస్తారు. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు గుంపులు గుంపులుగా ఈ అంచుల మీదే నడుస్తారు. పింఛను కోసం, మాత్రల కోసం, రేషన్ కోసం ముసలివాళ్లు నడుస్తారు. వాళ్లు ఏ టోల్ గేటు లెక్కలోనూ పడరు.

అమ్మ నడిచి నెల తిరిగేలోపే, 2025 మే నెలలో, సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. మంచి ఫుట్‌పాత్ మీద భద్రంగా నడవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని. ఆ ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సుల్లో టికెట్ లేకుండా చేశారు. ఇది చాలా గొప్ప మేలు, మా అమ్మ ఇప్పుడు నెలకు రెండుసార్లు చెల్లెలి దగ్గరికి పోయి వస్తోంది. ఆ మేలు పూర్తిగా అందాలంటే ఊరి క్రాస్‌లో బస్సు వచ్చేదాకా కూర్చునే చోటు ఉండాలి, బస్సు పక్కకు తీసి ఆపే జాగా ఉండాలి.

మిమ్మల్ని నేను అడిగేవి పెద్దవి కావు. బేతంచెర్ల బండకు, కడప నాపరాయికి మన సీమలో కొదవ లేదు. రెండు రాళ్ల మీద ఒక బండ పరిస్తే అది ఆసనం. రెండు కిలోమీటర్లకు ఒకటి చొప్పున వేయండి. దాని పక్కన వేప, చింత, కానుగ, ఏదో ఒకటి రెండు చెట్లు, రోడ్డుకు పడమటి పక్కన. ఎందుకంటే మధ్యాహ్నం తర్వాతి ఎండే మనిషిని పడేసేది, పడమటి చెట్టు నీడ అప్పుడు రోడ్డు అంచు మీద పడుతుంది. పెద్ద రోడ్ల డివైడర్ల మీద మీరు గన్నేరు నాటుతున్నారు. చూడటానికి బాగుంటుంది, ఎదురు బండి లైట్లు కళ్లలో పడకుండా అడ్డం ఉంటుందని కూడా తెలుసు. కానీ ఆ నీడ కిందికి ఏ మనిషీ పోలేడు. జాతీయ రహదారుల ఖర్చులో ఒక శాతం చెట్లకు కేటాయించాలని 2015లోనే కేంద్రం విధానం తెచ్చింది. ఊళ్లను కలిపే చిన్న రోడ్లకు కూడా అట్లాంటి లెక్క ఒకటి ఉండాలి, ఎందుకంటే నడిచేవాళ్లు ఎక్కువ ఉండేది వీటి మీదే. రోడ్ల పక్కన చింతచెట్ల కాయను ఏటా పాట పెట్టి అమ్ముకునే రోజులు పెద్దవాళ్లందరికీ గుర్తున్నాయి. ఆ చెట్టు నీడా ఇచ్చింది, డబ్బూ ఇచ్చింది.

నీళ్ల విషయం. ఎండాకాలంలో చలివేంద్రాలు పెడతారు, ఎక్కువగా బస్టాండుల్లో, టౌను సర్కిళ్లలో. అక్కడ నీళ్లు అమ్మే అంగళ్లు కూడా ఉంటాయి. ఊరికీ ఊరికీ నడుమ పెట్టండి. దగ్గరి ఊరి పంచాయతీకి కుండ నింపే బాధ్యత ఇవ్వండి. రంగు పోయిన కిలోమీటరు రాళ్లకు ఏడాదికొకసారి రంగు వేయించండి. అంకెలు పెద్దవిగా రాయించండి. బెర్ము తారుకు సమంగా ఉండేట్టు, కంప కొట్టించి, మనిషి పట్టేంత వెడల్పు మిగల్చండి. ఊరి క్రాస్‌లలో ఒక రేకు వేస్తే ఇంకా మంచిది, లేకుంటే చెట్టూ బండా చాలు.

మీ కాగితాల్లో రోడ్డు వెడల్పు, బండ్ల సంఖ్య, లారీల బరువు అన్నీ ఉంటాయి. ఎంతమంది నడుస్తున్నారో ఒక రోజు లెక్క పెట్టించండి. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఏదైనా ఒక ఊరి క్రాస్‌లో ఒక మనిషిని కూర్చోబెట్టి.

లేదా మీరే రండి. ఏప్రిల్ అయినా, మార్చి అయినా సరే. పొద్దున ఆరున్నరకు మా ఊరి క్రాస్ దగ్గర కలుద్దాం. గుత్తి దాకా వద్దు, మొదటి పది కిలోమీటర్లు చాలు, కారు ముందే పంపించేయండి. నేను మీతోపాటు నడుస్తాను. ఎక్కడ కూర్చుందో, ఎక్కడ చెయ్యెత్తిందో, ఎక్కడ చెప్పు తెగిందో అమ్మ నాకు గుర్తులు చెప్పింది. తానూ వస్తానంది, ఆ వేపచెట్టు చూపించేదాకా. ఉగ్గానీ, బజ్జీలు, నీళ్లు మేం తెస్తాం. మీరు టోపీ పెట్టుకుని రండి.

ఇట్లు,
ఆమె పెద్ద కొడుకు,
కర్నూలు